తెగిన పట్టీలు తక్కువ, వదులైన పట్టీలు ఎక్కువ

(చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌లో సామిల్లులు, జిన్నింగు మిల్లులు, చిన్న ఫౌండ్రీల యజమానులు, ప్యాకింగ్ సూపర్‌వైజర్లు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకూ, వ్యాపార మిత్రులకూ, వెనుక వరుసల్లో కూర్చున్న ప్యాకింగ్ సోదరులకూ నమస్కారం. నన్ను పిలవడానికి వచ్చిన మిత్రులు "సరుకు కట్టలకు చుట్టి బిగించడానికి ఇనుప పట్టీ మంచిదా, ప్లాస్టిక్ పట్టీ మంచిదా, ఆ ఒక్కటీ తేల్చి చెప్పండి చాలు" అన్నారు. ఒక్క మాటతో తేలేదే అయితే ఫోనులోనే చెప్పి ఉండేవాణ్ణి, ఇంత ఎండలో మిమ్మల్ని ఇక్కడికి రప్పించే పనే ఉండేది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లాలోనే ప్యాకింగ్, డిస్పాచ్ పనుల్లో గడిపిన వాణ్ణి. కాగితం, కలప, దూది, పోత ఇనుము అన్నీ కట్టించాను, కొన్నింటిని తప్పుగా కట్టించి మాట కూడా పడ్డాను. ఆ తప్పుల దగ్గర నేర్చుకున్నదే ఈ పూట మీ ముందు పెడుతున్నాను.

మనలో చాలామంది తండ్రులో తాతలో కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పల్లెల నుంచి కాగితం మిల్లు పనికో, బొగ్గు గనుల పనికో వచ్చి ఇక్కడే నిలదొక్కుకున్నవారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, గోదాములో హిందీ మాట్లాడే మనకు ఈ వస్తువు పేరు దగ్గర మాత్రం చిక్కు లేదు, మూడు భాషల్లోనూ అది పట్టీయే. చిక్కంతా ఏ పట్టీ అన్న దగ్గరే మొదలవుతుంది.

పట్టీ కొనడానికి వెళ్లిన మనిషి దుకాణంలో వేసే మొదటి ప్రశ్న "ఇది ఎంత బరువుకు తెగుతుంది?" అని. అడగవలసిన ప్రశ్నే, కాని మొదట అడగవలసినది అది కాదని నా అభిప్రాయం. నా కాలంలో దారిలో పాడైన సరుకును విప్పి చూసిన ప్రతిసారీ లెక్క రాసుకునే అలవాటు ఉండేది. ఆ పుస్తకంలో లాగుడుకు తట్టుకోలేక నడుమ తెగిన పట్టీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, అవి కూడా ఎక్కువగా పదునైన అంచు మీద కోసుకుపోయినవో, పట్టీ కొసలను కలిపి నొక్కే క్లిప్పు దగ్గర జారినవో. మిగిలిన పేజీలన్నీ వదులైపోయిన పట్టీలే: పట్టీ చెక్కుచెదరలేదు, క్లిప్పు చెక్కుచెదరలేదు, లోపలి సరుకు మాత్రం పట్టీ కింద కదిలిపోయి, ఒరిగిపోయి, మూలలు నలిగిపోయి దిగింది. కాబట్టి ఈ రోజు నా ప్రసంగమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కట్టిన తరువాత మీ సరుకు ఎంత కుంగుతుంది, ఎంత ఉబ్బుతుంది, ఆ మార్పును పట్టీ ఎంత దూరం వెంబడించగలదు?

ముందుగా మన చేతికి వచ్చే పట్టీలు ఏవో చూద్దాం. ఒకటి ఇనుప పట్టీ, అంటే చల్లగా రోల్ చేసిన ఉక్కు రేకును సన్నని పట్టీలుగా కోసి, నీలిరంగు తేల్చి గాని, పెయింటు వేసి గాని, జింకు పూత పూసి గాని చుట్టగా ఇచ్చేది. దీనికి మన దేశంలో ఐఎస్ 5872 అనే ప్రమాణం ఉంది, ఎగుమతి సరుకుకు అమెరికా వారి ఏఎస్టీఎం డీ3953 అడుగుతారు. రెండవది పెట్ పట్టీ, మనం తాగే నీళ్ల సీసా ఏ పదార్థమో అదే, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు బట్టల దారం కోసం కనుగొన్న పాలిస్టరే. నేడు బజారులో దొరికే పెట్ పట్టీలో చాలా భాగం పాత సీసాలను ముక్కలు చేసి, కరిగించి తీసినదే. మూడవది పీపీ పట్టీ, అంటే పాలీప్రొపిలీన్, అట్టపెట్టెల మీద పసుపు, తెలుపు రంగుల్లో మనం రోజూ చూసేది. ఈ చివరి రెండింటినీ కలిపి "ప్లాస్టిక్ పట్టీ" అని ఒకే పేరుతో పిలవడం వల్లనే సగం గొడవలు వస్తున్నాయి, ఎందుకంటే గుణంలో పెట్‌కూ పీపీకీ ఉన్న దూరం తక్కువేమీ కాదు.

చేతిలో ఉన్న ముక్క ఏదో తేల్చుకోవడానికి ల్యాబు అక్కరలేదు, గ్లాసెడు నీళ్లు చాలు. పీపీ సాంద్రత సుమారు 0.91, కాబట్టి అది తేలుతుంది. పెట్ సాంద్రత సుమారు 1.38, కాబట్టి మునుగుతుంది. గాలి బుడగ అంటుకోకుండా ముక్కను వేలితో ఒకసారి నీటిలో ముంచి వదలండి. పెట్ అని బిల్లు రాసి పీపీ పంపిన వ్యాపారిని నేను ఈ గ్లాసుతోనే పట్టుకున్నాను, ఆయన కూడా నవ్వి మార్చి ఇచ్చాడు.

ఇప్పుడు బలం లెక్క. 19 మిల్లీమీటర్ల వెడల్పు, 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఇనుప పట్టీ, రకాన్ని బట్టి, వెయ్యి కిలోలకు పైబడిన లాగుడుకు గాని తెగదు. అదే వెడల్పుతో 1 మిల్లీమీటరు మందం ఉన్న మంచి పెట్ పట్టీ 700 నుంచి 800 కిలోల దాకా ఓర్చుకుంటుంది. పెట్టెలకు వాడే 12 మిల్లీమీటర్ల పీపీ పట్టీ నూరు కిలోలకు అటూ ఇటూ. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవాడు సహజంగానే ఇనుము వైపు మొగ్గుతాడు. నేనూ పదేళ్లు అలాగే మొగ్గాను. కాని ఈ అంకెల వెనుక మరో అంకె ఉంది, దాన్ని బిల్లు మీద ఎవరూ రాయరు.

నాలుగు మీటర్ల చుట్టుకొలత ఉన్న కట్టను ఒకటి ఊహించండి, అంటే మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న సరుకు. దాని చుట్టూ నేను చెప్పిన ఇనుప పట్టీ వేసి, పట్టీని లాగి బిగించే చేతి టెన్షనరుతో 300 కిలోల బిగువు వచ్చేదాకా లాగాం అనుకుందాం. ఆ బిగువుకు పట్టీ ఎంత సాగుతుంది? ఉక్కు స్వభావం ప్రకారం లెక్క కడితే నాలుగు మీటర్లకు సుమారు 4 మిల్లీమీటర్లు. అంటే ఆ 300 కిలోల బిగువు మొత్తం ఆ 4 మిల్లీమీటర్ల సాగుడులోనే దాగి ఉంది. సరుకు చుట్టుకొలత 2 మిల్లీమీటర్లు తగ్గితే సగం బిగువు పోయింది, 4 తగ్గితే పట్టీ పూర్తిగా వదులు, ఆ తరువాత అది పట్టీ కాదు, సరుకు మీద వేలాడే నగ మాత్రమే. అదే కట్టకు పెట్ పట్టీ వేసి అంతే బిగువు ఇస్తే అది రెండు శాతం వరకు, అంటే ఇంచుమించు 60 నుంచి 80 మిల్లీమీటర్ల దాకా సాగి ఉంటుంది. మొదటి గంటల్లో దాని బిగువు కొంత తనంతట తానే సడలుతుంది, అది నిజమే, దాచవలసిన విషయం కాదు. కాని సరుకు రెండు మూడు సెంటీమీటర్లు కుంగినా పెట్ పట్టీ వెనక్కి ముడుచుకుంటూ ఇంకా పట్టుకునే ఉంటుంది. రెండింటి మధ్య అసలు తేడా నా దృష్టిలో ఇదే, తెగే బరువులో ఉన్న తేడా దీని ముందు చిన్నది.

ఈ లెక్క నేను పుస్తకం చదివి మొదట తెలుసుకోలేదు, టేకు నేర్పింది. మన బల్లార్షా కలప డిపో పేరు దేశమంతా తెలిసినదే, అయోధ్య రామాలయం తలుపుల కోసం 2023లో టేకు వెళ్లింది ఇక్కడి నుంచే. నేను పని చేస్తున్న ఒక చోట, పేరు చెప్పడం అనవసరం, ఏప్రిల్ నెలలో కోసిన టేకు సైజులను కట్టలుగా చేసి, ఒక్కో కట్టకు నాలుగేసి ఇనుప పట్టీలు వేయించి ఆరుబయట నిలబెట్టాం. పట్టీలు గట్టివి, క్లిప్పులు కొత్తవి, వేలు దూరే సందు లేదు. మూడు వారాల తరువాత లారీ వచ్చేసరికి ప్రతి పట్టీ కిందా నా అరచేయి దూరింది. లోడింగు చేస్తున్న హమాలీ ఒకాయన "సార్, ఇవి కట్టినవా, తొడిగినవా?" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు గాని, జవాబూ రాలేదు.

తరువాత నింపాదిగా లెక్క వేసుకుంటే అంతా స్పష్టంగానే కనబడింది. పచ్చి కలపలోని తేమ సుమారు 30 శాతానికి దిగిన దగ్గర నుంచి చెక్క అడ్డంగా కుంచించుకోవడం మొదలుపెడుతుంది. టేకు మిగతా కలపలతో పోలిస్తే తక్కువగానే కుంచించుకుంటుంది, అయినా నిలువు ఎండలో కొన్ని వారాలు ఉంటే ఒక శాతం తగ్గడం పెద్ద విషయం కాదు. నాలుగు మీటర్ల చుట్టుకొలతలో ఒక శాతం అంటే 40 మిల్లీమీటర్లు. నా ఇనుప పట్టీ దగ్గర ఉన్న పెట్టుబడి 4 మిల్లీమీటర్లు. పది రెట్లు అప్పు పడితే ఏ వ్యాపారి అయినా మునగవలసిందే. ఆ ఏడాది నుంచి కోత కలపకు పెట్ పట్టీ పెట్టించాను, కట్ట నాలుగు మూలలా అట్ట కోణాలు పెట్టి మరీ, ఆ తరువాత అరచేయి దూరిన పట్టీ నాకు ఎదురు కాలేదు. బాగా ఆరిన కలప అయితే ఇనుమైనా ఫరవాలేదు. మాయిశ్చర్ మీటరు ఉన్న సామిల్లు వారు 12 శాతం దగ్గర కడితే ఈ బాధ చాలా వరకు తప్పుతుంది, కాని వానాకాలంలో అదే ఆరిన కలప మళ్లీ తేమ పీల్చి ఉబ్బినప్పుడు ఇనుము సాగదు గనుక పక్క చెక్కల అంచుల్లోకి దిగబడుతుంది, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఎండ మాట వచ్చింది కాబట్టి, ఆ విషయంలో చంద్రపూర్ వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మే నెలలో నీడలోనే 46, 47 డిగ్రీలు చూసే జిల్లా మనది. యార్డులో పరచిన ఇనుప వస్తువు మీద చేయి పెడితే 60 డిగ్రీలు దాటిందని చేయే చెబుతుంది. ఆ వేడిలో మూడు పట్టీలూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఇనుప పట్టీ తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర ఉండి మధ్యాహ్నానికి 60కి చేరితే, నాలుగు మీటర్లలో ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. కట్టిన సరుకు కూడా ఇనుమే అయితే రెండూ కలిసి పెరుగుతాయి, నష్టం లేదు. సరుకు కలపో, ఇటుకో, కాగితమో అయితే మాత్రం పట్టీ దగ్గర ఉన్న 4 మిల్లీమీటర్ల బిగువులో మూడో వంతుకు పైగా ప్రతి మధ్యాహ్నం కరిగి, ప్రతి రాత్రి తిరిగి వస్తూ ఉంటుంది. గోదాములో పొద్దున్న చెక్ చేసి గట్టిగా ఉందని సంతకం పెట్టిన సూపర్‌వైజరు, మూడు గంటలకు లారీ ఎక్కేటప్పుడు వదులుగా ఉందని వచ్చిన డ్రైవరు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ల మధ్య జరిగిన ఎన్ని గొడవలు నేను తీర్చానో లెక్క లేదు.

పెట్ పట్టీ ఆ వేడికి పెద్దగా చలించదు, అయితే 70, 80 డిగ్రీల మధ్య ఆ పదార్థమే మెత్తబడే గుణం గలది కాబట్టి, నల్లని టార్పాలిన్ కింద ఎండలో రోజుల తరబడి నిలిపిన లారీలో దానిపై అతిగా భరోసా పెట్టకూడదు. పీపీకి ఈ జిల్లా వేసవి అసలు సరిపడదు. చల్లని గదిలో కట్టినా పీపీ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే తన బిగువులో చాలా భాగం వదిలేస్తుంది, వేడిలో అది మరింత తొందరగా జరుగుతుంది. దానికి తోడు అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే మందు కలపని పీపీ, ఆరుబయట నెలల తరబడి పడి ఉంటే పొడిబారి, వంచగానే విరిగిపోతుంది. అట్టపెట్టె నోరు మూసి ఉంచడానికి, నాలుగు పెట్టెలను జతగా పట్టి ఉంచడానికి, నీడలో రెండు మూడు రోజుల ప్రయాణానికి అది చాలు, ధర కూడా తక్కువే. అంతకు మించిన పని దానికి అప్పజెప్పడం దాని తప్పు కాదు, మన తప్పు.

దూది బేళ్ల విషయం వేరు. ఇక్కడ రాజురా, కోర్పనా, వణి, అటు ఆదిలాబాద్ వైపు జిన్నింగు మిల్లుల వారు ఎక్కువమంది వచ్చారు గనుక కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. కలప కుంగే సరుకైతే దూది పొంగే సరుకు. ప్రెస్సులో 170 కిలోల దూదిని బలవంతంగా అణచి, పట్టీలు వేసి, ప్రెస్సు తలుపు తీసిన క్షణం నుంచి ఆ బేలు బయటకు తన్నుతూనే ఉంటుంది, అంటే ఇక్కడ పట్టీకి వదులయ్యే ప్రమాదం లేదు, నిరంతరం లాగుడులోనే ఉంటుంది. అందుకే తెగే బరువు మాట నిజంగా ముఖ్యమయ్యే కొద్ది చోట్లలో ఇది ఒకటి. తరతరాలుగా ఇనుప పట్టీ, ఇనుప తీగ వాడింది కూడా ఇందుకే. కాని లారీ మీద నుంచి బేలును కిందకు దొర్లించినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. నేల తగిలిన క్షణంలో బేలు ఒక పక్కకు చదునై మరో పక్క ఉబ్బుతుంది. సాగుడు లేని ఇనుప పట్టీ మీద ఆ దెబ్బ మొత్తం ఒక్కసారిగా పడి, ఎక్కువసార్లు ముడి దగ్గర, అంటే పట్టీ కొసలు కలిసే చోట, విడిపోతుంది, ఒకటి విడిపోతే దాని భారం పక్కదాని మీద పడి రెండవదీ విడిపోతుంది. పెట్ పట్టీ ఆ దెబ్బను సాగి మింగుతుంది. గత కొన్నేళ్లుగా మన మిల్లులు పెట్ వైపు తిరగడానికి ఇది మంచి కారణమే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, అమ్మేవాళ్లు దాన్ని చెప్పరు. మన పత్తి మీద నూలు మిల్లుల పెద్ద ఫిర్యాదు చెత్త, అందులోనూ పాలీప్రొపిలీన్ సంచుల పోగులు. ఈ కల్తీ తగ్గించడం కూడా లక్ష్యంగానే కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో పత్తి సాంకేతిక మిషన్ మొదలుపెట్టింది. బేలు విప్పేటప్పుడు తెగి పడిన ఇనుప ముక్క ఒకటి దూదిలో కలిసిపోతే, నూలు మిల్లులో దూదిని విప్పి శుభ్రం చేసే బ్లోరూములో ఉండే అయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోలేకపోతే నిప్పురవ్వ లేచి మిల్లే తగలబడే ప్రమాదం ఉంది, అది వేరే భయం. ప్లాస్టిక్ ముక్కను మాత్రం ఏ అయస్కాంతమూ పట్టదు. కాబట్టి బేలుకు పీపీ పట్టీ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, అది నిలువుగా చీలి దారాలు దారాలుగా విడిపోయే స్వభావం గలది, ఆ దారమే రేపు నూలులో తేలుతుంది. పెట్ వాడేవారు కూడా చౌక రకం, అంచులు చీలిపోయే రకం కొనకండి. చుట్ట నుంచి జానెడు ముక్క తీసి, అటూ ఇటూ మెలిపెట్టి, గోరుతో అంచు గీకి చూడండి, చీలిక పడి పీచు లేస్తే ఆ చుట్ట అట్టపెట్టెలకు పోవాలి గాని బేళ్లకు కాదు.

కాగితం గురించి ఈ ఊళ్లో నేను ఎక్కువ చెప్తే హాస్యమవుతుంది, 1945లో ఇక్కడి కాగితం మిల్లు కంపెనీ నమోదైన నాటి నుంచి ఇక్కడి ఇంటింటా ఎవరో ఒకరు కాగితం పని ఎరిగినవారే. ఒక్క మాట మాత్రం. కాగితానికి ఇనుప పట్టీ శత్రువు. వానాకాలం నాలుగు నెలలూ మన గాలిలో ఉండే తేమకు పెయింటు లేచిన చోటల్లా పట్టీ తుప్పు పడుతుంది, ఆ తుప్పు నీరు రీము మీది చుట్టుకాగితం దాటి లోపలికి దిగితే ఆ మరక పోదు. అంతేగాక కాగితపు దొంతర మూలలు మెత్తన, ఇనుము అక్కడ దిగబడి పది పన్నెండు రీముల అంచులు నలుపుతుంది. పల్లెటు, అంటే సరుకు పేర్చే చెక్క వేదిక, దాని మీది రీములకు పెట్ పట్టీ, మూలలకు అట్ట కోణాలు, ఇంతకంటే ఆలోచించవలసింది లేదు. గుజ్జు బేళ్లకు మాత్రం తీగే ఇప్పటికీ సరైనది.

మరి ఇనుప పట్టీకి కాలం చెల్లిందా అంటే, చెల్లలేదు. పోత ఇనుము, ఇనుప కడ్డీల కట్టలు, యాంగిళ్లు, ప్లేట్లు, యంత్ర భాగాలు, ఇవన్నీ కట్టాక కుంగవు, ఉబ్బవు, కాబట్టి పట్టీ వెంబడించవలసిన మార్పు ఏమీ లేదు. వాటి అంచులు మాత్రం కత్తుల్లా ఉంటాయి. అక్కడ పెట్ పట్టీ వేస్తే లారీ కుదుపుకు అంచు మీద రాపిడి పడి, కొంత దూరంలోనే సగం కోసుకుపోతుంది. ఇంకా వేడి సరుకు సంగతి. ఒక ఫౌండ్రీలో పోత వస్తువులు పూర్తిగా చల్లారలేదన్న సంగతి చూసుకోకుండా, తొందరలో, నా అనుమతితోనే పెట్ పట్టీ వేశారు. పొద్దున్న చూస్తే పట్టీలు ముడుచుకుపోయి, తగిలిన చోటల్లా గట్టిపడి, రెండు చోట్ల తెగి ఉన్నాయి. పెట్ కరగడానికి 250 డిగ్రీల పైన వేడి కావాలి, నిజమే, కాని బలం పోగొట్టుకోవడానికి అంత అక్కరలేదు. రోలింగు మిల్లు నుంచి వేడిగా దిగే కడ్డీకి ఇనుమే కట్టాలి.

ముడి గురించి ఎవరూ అడగరు గాని, గొలుసుకు బలహీనమైన కొండి అదే. క్లిప్పు వేసి నొక్కినా, పెట్‌ను రాపిడి వేడితో అతికించినా, ముడి దగ్గర పట్టీ బలంలో నాలుగింట మూడు వంతులు మిగిలితే ముడి బాగా పడిందనుకోవాలి. అంటే 800 కిలోల పట్టీ అని కొన్నది మీకు పని చేసేది 600 కిలోల పట్టీగా. క్లిప్పును నొక్కే క్రింపరు దవడలు అరిగిపోయిన తరువాత కూడా నెలల తరబడి అదే వాడే చోట ఆ 600 కూడా ఉండదు. బ్యాటరీతో నడిచే పెట్ మిషను ఖరీదు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. రోజుకు పది కట్టలు కట్టేవారు తగ్గవచ్చు, నూరు కట్టలు కట్టేవారు తగ్గకూడదు, ఎందుకంటే చేతి పనిలో సాయంత్రం అయ్యేసరికి బిగువు తగ్గడం మనిషి తప్పు కాదు, అలసట. అతుకు వేశాక అది పట్టీ వెడల్పంతా సమానంగా అంటుకుని కనబడాలి, ఒక పక్కే అంటుకుంటే మళ్లీ వేయండి.

ధర లెక్కకు వద్దాం. ఇది కిలోల్లో వేసేవాడు ఎప్పుడూ తప్పు వేస్తాడు. 19 బై 0.8 ఇనుప పట్టీ మీటరు బరువు సుమారు 120 గ్రాములు, కిలోకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. 19 బై 1 పెట్ పట్టీ మీటరు బరువు సుమారు 26 గ్రాములు, కిలోకు 38 మీటర్లు. నా నాలుగు మీటర్ల కట్టకు ఒక్కో చుట్టుకు ఇనుమైతే 480 గ్రాములు, పెట్ అయితే 105 గ్రాములు. పెట్ కిలో ధర ఇనుము ధరకు రెండింతలు పలికినా ఒక్కో చుట్టు ఖర్చు సగానికంటే తక్కువే. ఇనుప పట్టీకి తుక్కు విలువ ఉంది కదా అంటారు, ఉంది, కాని ఆ తుక్కు మీ గోదాములో పడదు, నాగ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో సరుకు దించుకున్నవాడి గోదాములో పడుతుంది. ఆ డబ్బు మీ లెక్కలో వేసుకోకండి.

పట్టీ విప్పే పని గురించి ప్యాకింగ్ సోదరులకు చెప్పవలసింది ఉంది. నా ఎడమ చేతి మీది ఈ గీత ఇనుప పట్టీ చేసినదే, గడ్డపార కొన పెట్టి తన్ని తెంపబోయాను, చుట్టు మొత్తం పాములా లేచింది. అదృష్టం కొద్దీ కన్ను పోలేదు. ఇనుము అంచు కోస్తుంది, ప్లాస్టిక్ కోయదు కాబట్టి క్షేమం అనుకునేవారికి ఒక హెచ్చరిక: పెట్ పట్టీ ఎక్కువ సాగి ఉంటుంది గనుక దానిలో దాగిన శక్తి కూడా ఎక్కువే, తెంపినప్పుడు అది కొట్టే దెబ్బ ముఖం మీద పడితే చిన్నదేమీ కాదు. రెండింటికీ కత్తెర రకం కట్టరు వాడండి, పట్టీ వరుసకు ఎదురుగా కాక పక్కగా నిలబడండి, కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకోండి. ఇనుమైతే కత్తిరించే చోటుకు దగ్గరగా ఒక చేత్తో పట్టీని సరుకుకు అదిమి పట్టండి. పట్టీకి కొక్కెం తగిలించి సరుకును పైకెత్తడం మాత్రం ఏ పట్టీతోనూ, ఏ తొందరలోనూ చేయకూడదు, అది సరుకును సరుకుతో కట్టేదే గాని మోసేది కాదు. లారీ బాడీకి సరుకును కట్టే పని తాళ్లదీ బెల్టులదీ, దాన్ని పట్టీ మీద వేయకండి.

చీటీల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది సామిల్లు వారిది: "రెండు ఇనుప పట్టీలు, రెండు పెట్ పట్టీలు కలిపి ఒకే కట్టకు వేస్తే రెండింటి లాభమూ వస్తుంది కదా?" అని. వినడానికి బాగుంది, పని చేయదు. గట్టి పట్టీ, సాగే పట్టీ పక్కపక్కన ఉన్నప్పుడు దారిలో పడే ప్రతి దెబ్బనూ మొదట గట్టిదే తీసుకుంటుంది, సాగేది ఊరికే ఉంటుంది. కలప ఆరి ఇనుము వదులయ్యాక భారమంతా పెట్ మీదే పడుతుంది. అంటే ఏ సమయంలో చూసినా మీకు నాలుగు పట్టీలు లేవు, రెండే ఉన్నాయి. కట్టకు ఒకే రకం వేయండి, సంఖ్య పెంచుకోండి.

రెండవది, ఒకసారి వాడిన ఇనుప పట్టీని సాపు చేసి మళ్లీ వాడవచ్చా అని. చిన్న ఫౌండ్రీలలో ఇది చేస్తున్నారని నాకు తెలుసు, నేనూ చేయించాను, అందుకే చెబుతున్నాను. ఒకసారి మూల మీద వంగిన చోట ఉక్కు గట్టిపడి పెళుసెక్కుతుంది, సుత్తితో కొట్టి సాపు చేసినప్పుడు ఆ గీత కంటికి కనబడదు గాని పోదు, మళ్లీ బిగించినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాత క్లిప్పు పళ్లు నొక్కిన చోటు కూడా అంతే. గోదాములో చెక్క పలకలు ఒక మూలన పేర్చి ఉంచడానికైతే వాడుకోండి, గేటు దాటే సరుకు మీద వేయకండి. ఇక బల్ల మీద నాలుగు రకాల ముక్కలు, నీళ్ల గ్లాసు, రెండు టెన్షనర్లు ఉన్నాయి, ఒక్కొక్కరే వచ్చి చేత్తో లాగి చూడవచ్చు. ఇనుప ముక్కల అంచులు మాత్రం తుడవలేదు, జాగ్రత్తగా పట్టుకోండి.